ఊరికే తిరిగే హక్కు

పోయిన భాగం చివర్లో ఒక్క మాట రాశాను. సంక్రాంతి సెలవుల్లో సైకిళ్ళ మీద డెల్టా తిరిగొద్దాం, వచ్చేవాళ్ళు చెప్పండి అని. పదిహేను మంది వస్తామన్నారు. అంతకు రెట్టింపు మంది ఇన్‌బాక్సులోకి వచ్చి అడిగారు: "ఎందుకు సార్? ఏ డిమాండ్ మీద? కరపత్రం వేస్తున్నారా? ముగింపు సభ ఎక్కడ?"

ఏ డిమాండూ లేదు మిత్రులారా. కరపత్రం లేదు, సభ లేదు. ఊరికే తిరుగుదామని.

ఈ "ఊరికే" దగ్గరే మనకు చిక్కు వస్తోంది. మనవాళ్ళు రోడ్డెక్కితే దానికో కారణం ఉండాలి. కూలికి పోవాలి, వలస పోవాలి, పెద్దాసుపత్రికి పోవాలి, కోర్టు వాయిదాకి పోవాలి. ఇవేవీ కాకపోతే ధర్నాకి పోవాలి. ఏ పనీ లేకుండా ఒక దళిత కుర్రాడు తెలియని ఊళ్ళో నింపాదిగా సైకిల్ తొక్కుకుంటూ కనపడితే ఆపి అడిగేవాళ్ళు ఎటూ ఉంటారు. వాళ్ళు ఆపకముందే మనల్ని మనమే ఆపి అడుక్కుంటున్నాం, నాకు బాధనిపించింది అదీ. సైకిల్ యాత్ర సరదాయే. ఆ సరదా మనకు చెందాల్సిందే అన్నది ఈ భాగంలో నా వాదన.

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి అక్కడినుంచే వస్తాను. మనకున్న తొలి యాత్రా గ్రంథాల్లో పేరున్నది ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర". 1830 మేలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడాయన. ప్రయాణానికి ముందస్తు ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో నేర్చుకోవాలంటే ఇవాళ్టికీ పనికొచ్చే పుస్తకం. మజిలీకీ మజిలీకీ ఎంత దూరం, ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి ఎలాంటిది, అన్నీ రాశాడు. క్లాసులో నేను ఇష్టంగా చెప్పే పుస్తకం అది. కానీ ఆయన పోయింది పల్లకీలో. వెంట దాదాపు నూరుమంది పరివారం. పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీకి పోయారు, అంత దూరమూ కాళ్ళతో పోయారు, భుజాన బరువుతో పోయారు. వాళ్ళు రాసిన కాశీయాత్ర చరిత్ర మనకు లేదు.

ఆ తర్వాత 110 ఏళ్ళకి, 1941లో, జాషువా "గబ్బిలం" వచ్చింది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికితే జాషువా కథానాయకుడికి గబ్బిలం దొరికింది. తన గోడు శివుడికి వినిపించమని దాన్ని పంపుతూ, దారిలో ఏమేం చూడాలో ఒక్కొక్కటే చెబుతాడు. దేశమంతా అతనికి కంఠస్థం. పోవడం మాత్రం గబ్బిలమే పోవాలి. గుళ్ళోకి దానికి అడ్డు లేదు, అతనికి ఉంది. దారంతా తెలిసినవాడు ఇంట్లో ఉండిపోయాడు. ఈ కావ్యాన్ని ప్రయాణం దృష్టితో ఒకసారి చదివి చూడండి, ఇంకోలా కనపడుతుంది.

ఇక బాబాసాహెబ్. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" మనమంతా చదివాం. అంటరానితనం గురించి రాసిన పుస్తకంగా చదివాం, నిజమే. కానీ అందులో ఆయన సొంత అనుభవాలు ఎక్కడ జరిగాయో గమనించారా? చాలామటుకు దారి మీదే. 1901లో తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. మహర్ పిల్లలని తెలిశాక బండి తోలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి మీద, బండి పిల్లలే తోలుకునేటట్టు, బండివాడు పక్కన నడిచేటట్టు బేరం కుదిరింది. దగ్గర అన్నం ఉంది, నీళ్ళు పుట్టలేదు. ఆకలితోనే పడుకున్నారు. 1929లో చాలిస్‌గావ్‌లో టాంగావాళ్ళు తోలనంటే, టాంగా తోలడం అలవాటు లేని మనిషి పగ్గాలు పట్టుకున్నాడు. బాబాసాహెబ్ రాళ్ళమీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు.

1934 సంగతి మనకు ఇంకా దగ్గరిది. ఆ ఏడాది ఉద్యమ సహచరులు సరదాగా ఎక్కడికైనా తిరిగొద్దాం అన్నారు. వేరూల్ గుహలు కూడా చూపిస్తేనే వస్తాను అన్నారాయన. ముప్పై మంది దాకా బయల్దేరారు. ధర్నా లేదు, సభ లేదు. చూసి రావడానికే పోయారు. మనం ఎవరమో పైకి చెప్పకుండా తిరుగుదాం, లేకపోతే దారిపొడవునా అవమానాలే అని ముందే అనుకున్నారు. అప్పటి నిజాం ఏలుబడిలో ఉన్న దౌలతాబాద్ కోట దగ్గర, దుమ్ము కొట్టుకుపోయి వచ్చి, బయట ఉన్న నీళ్ళ తొట్టిలో ముఖాలు, కాళ్ళు కడుక్కున్నారు. తొట్టి మైలపడిందని ఊరివాళ్ళు మీదికొచ్చారు. కోట లోపల నీళ్ళు ముట్టకుండా చూడటానికి ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు. లండన్‌లో, న్యూయార్క్‌లో చదివొచ్చిన మనిషి, విహారయాత్రకి వచ్చి, వెనక తుపాకీ పెట్టుకుని కోట చూడాల్సి వచ్చింది.

అయినా ఆయన ఆ యాత్రకి పోయారు, చూడండి. అంత పని ఉన్న మనిషి. మనకంటే ఎక్కువే ఉంది పని.

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. సైకిల్ మనకు ఎప్పుడూ ఉత్త సైకిల్ కాదు. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన సర్వే "అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా" అని 2006లో పుస్తకంగా వచ్చింది. దళితులు రోడ్డు మీద సైకిల్ తొక్కకూడదు, గొడుగు వేసుకోకూడదు, చెప్పులేసుకోకూడదు అనే ఊళ్ళు అప్పటికీ ఉన్నాయని అందులో ఉంది. ఎవరో తాతల కాలం సంగతి కాదు, మొబైల్ ఫోన్లు వచ్చాక సంగతి. మా నాన్న గడ్డిమోపు కట్టుకుని వస్తూ పెద్దవీధి మొదట్లో సైకిల్ దిగేవాడు, వీధి చివర మళ్ళీ ఎక్కేవాడు. అక్కడికొచ్చేసరికి రోజూ చైను ఊడిపోతుందేమో అనుకునేవాణ్ణి నేను. ఎనిమిదో తరగతికి వచ్చాక గాని నాకు అసలు సంగతి అర్థం కాలేదు.

అందుకే కొందరు పెద్దవాళ్ళు అంటారు: "మేము తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరగ్గొట్టుకున్నాం, మీరు మోటారు బండ్లు కొనుక్కుని మళ్ళీ సైకిలెక్కుతారేంట్రా" అని. ఆ మాటలో న్యాయం ఉంది. పాల క్యాన్లు, చేపల బుట్టలు, గడ్డిమోపులు మోసిన సైకిల్ మీద వాళ్ళకి మోజు ఎక్కడినుంచి వస్తుంది? నా జవాబు ఒకటే. బరువు మోయడానికి తొక్కిన సైకిల్‌ని, దిగి నడిపించిన సైకిల్‌ని, ఒక్కసారి దిగకుండా, మనసుకు నచ్చిన చోటిదాకా తొక్కి చూడాలి. అది మన తరం చేయాల్సిన పని.

మనలో ఒకాయన అలాగే తొక్కాడు. ప్రద్యుమ్న కుమార్ మహానందియా, ఒడిశా, అంటరాని కుటుంబం. బడిలో మిగతా పిల్లలకి దూరంగా కూర్చోబెట్టారు. ఢిల్లీలో చిత్రకళ చదువుతూ కన్నాట్ ప్లేస్‌లో మనుషుల బొమ్మలు గీసి బతికేవాడు. 1975 చివర్లో అక్కడ పరిచయమైన స్వీడన్ అమ్మాయిని కలవడానికి 1977 జనవరిలో పాత సైకిల్ మీద ఢిల్లీలో బయల్దేరి, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, టర్కీ మీదుగా మే నెలాఖరుకి స్వీడన్ చేరాడు. దారిలో బొమ్మ గీసిస్తే అన్నం పెట్టేవాళ్ళు, పడుకోనిచ్చేవాళ్ళు. ఈ కథ ప్రతి ప్రేమికుల రోజుకీ వాట్సాప్‌లో తిరుగుతుంది. "ప్రేమ కోసం సైకిల్ యాత్ర" అని. కులం ముక్క అందులో ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి రాలిపోతుంది. ఆయన ఖరీదైన సైకిల్ కోసం ఆగలేదు, స్పాన్సర్ కోసం ఆగలేదు. తన ఊళ్ళో పక్కన కూర్చోనివ్వని మనిషి దారిపొడవునా ఎవరెవరి ఇళ్ళలోనో భోంచేశాడు. నాకు ఆ కథలో పెద్ద విషయం అదే.

మరి ఉద్యమం సంగతేంటి అంటారా? సైకిల్‌ని మనకంటే బాగా వాడిన ఉద్యమం ఏది? 1983లో మాన్యవర్ కాన్షీరామ్ నడిపిన డీఎస్-4 సైకిల్ యాత్ర ఉత్తరాది రాష్ట్రాలు చుట్టింది. రెండు కాళ్ళు, రెండు చక్రాలు చేసే అద్భుతం అని దాన్ని చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న బీఎస్పీ పుట్టింది. కార్లూ డబ్బూ లేని పార్టీ ఊరూరికీ ఎలా పోగలదో ఆ యాత్ర చూపించింది. దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ యాత్రలో ముందు జెండా ఉంది. నేను చెప్పే యాత్రలో జెండా అక్కర్లేదు. జెండా పట్టుకున్నప్పుడే మనకు రోడ్డు మీద చోటుంటే, మిగతా రోజుల్లో రోడ్డు ఎవరిది? ఆ జవాబు జెండా లేకుండా పోతేనే తెలుస్తుంది.

సరే, ఇక పని మాటలు.

ముందు సామాను. ఈమధ్య "బైక్‌ప్యాకింగ్" అని వచ్చింది. వెనక క్యారియర్, దానికి రెండు వైపులా పెద్ద సంచులు కాకుండా, హ్యాండిల్‌కి ఒకటి, ఫ్రేమ్ మధ్యలో ఒకటి, సీటు కింద ఒకటి సంచులు కట్టుకుని, తక్కువ బరువుతో మట్టిదారుల్లో కూడా పోవడం. వీడియోల్లో చూసే ఆ సైకిళ్ళ ధరలు చూసి మన పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ఆగొద్దు. అందులో నేర్చుకోవాల్సిన సూత్రం ఒక్కటే: తక్కువ తీసుకుపో, గట్టిగా కట్టు, బరువు కిందికి ఉండేటట్టు చూసుకో. పాత ట్యూబు ముక్కలతో క్యారియర్ మీద మూట ఎలా కట్టాలో మన నాన్నల దగ్గర నేర్చుకోండి. వాళ్ళకంటే బాగా ఏ కంపెనీ చెప్పదు. మామూలు నల్ల సైకిల్ చాలు. గేర్లు లేకపోయినా డెల్టా చదునుగా ఉంటుంది. పైగా దాని సామాను ఏ ఊరి షాపులో అయినా దొరుకుతుంది, బాగుచేసే మనిషీ దొరుకుతాడు.

వారం ముందు షాపులో ఇచ్చి రెండు చక్రాలూ సొట్ట తీయించండి, బ్రేకు కట్టలు మార్పించండి, చైనుకి నూనె పెట్టించండి. సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. మోకాళ్ళ నొప్పులు చాలామందికి సీటు మరీ కిందికి ఉండటం వల్లే వస్తాయి. వెంట ఒక ట్యూబు, పంక్చర్ అతుకులు, సొల్యూషన్, గరుకు కాగితం, గాలి పంపు, రెండు స్పానర్లు. రెండు జతల బట్టలు, దుప్పటి, టార్చి, హెల్మెట్. వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కొత్తవాళ్ళకి రోజుకి 50, 60 కిలోమీటర్లు చాలు. గంటకి 12, 13 చొప్పున పోయినా తెల్లారి ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది. మిగతా రోజంతా మీది.

దారి. నేను అనుకున్నది మూడు రోజులు. మొదటి రోజు గుంటూరు నుంచి తెనాలి, పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ టీ తాగండి. 1985లో దళిత మహాసభ పుట్టిన ఊరు అది. అక్కడినుంచి చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలువలో పడేసిన ఊరు. రక్తక్షేత్రం దగ్గర కాసేపు కూర్చోండి. తర్వాత వేమూరు వైపు తిరిగి భట్టిప్రోలు. బౌద్ధ స్తూపం, 1892లో తవ్వకాల్లో బయటపడిన ధాతు కరండాల మీద బ్రాహ్మీ రాతలు. మన లిపి చరిత్ర చెప్పేటప్పుడు తప్పకుండా వచ్చే పేరు. రెండో రోజు చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల, అక్కడినుంచి తొమ్మిది కిలోమీటర్లు సూర్యలంక, సముద్రం. మూడో రోజు చీరాల, అక్కడినుంచి కారంచేడు పోయి వెనక్కి. చీరాల నుంచి రైలు. సైకిళ్ళు పార్సిల్‌లో వేసుకుంటారో లేదో ముందే స్టేషన్‌లో కనుక్కోండి.

కారంచేడు గొడవ కూడా నీళ్ళ దగ్గరే మొదలైంది. మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఇదేం పనని అడిగినందుకు. 1985 జులై 17న ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల పరిగెత్తారు. ఏడెనిమిది కిలోమీటర్లు. సైకిల్ మీద అరగంట, ముప్పావు గంట. ఆ దూరం ఎంతో పుస్తకంలో చదివితే తెలియదు, కాళ్ళకి తెలుస్తుంది.

అలాగని మూడు రోజులూ మౌనంగా తలొంచుకుని తొక్కమని చెప్పడం లేదు. కాలువ గట్ల మీద తుమ్మచెట్ల నీడలో పోతుంటే, నీళ్ళమీద కొంగలు లేస్తుంటే, బాగుంటుంది. బాగుందని అనుకోవడానికి సిగ్గుపడొద్దు. సూర్యలంకలో ఈదండి, లోతుకి పోకండి, ఎండ్రకాయలు వండించుకోండి. చనిపోయినవాళ్ళు మనకు ఏడుపు ఒక్కటే ఆస్తిగా ఇచ్చి పోలేదు.

సైకిల్ యాత్రల పుస్తకాల్లో, వీడియోల్లో ఉండని మూడు సంగతులు మన ప్లానులో ఉండాలి.

ఒకటి, రాత్రి పడక. కొత్తవాళ్ళం, చీకటి పడ్డాక వెతుక్కునే పని పెట్టుకోవద్దు. దారిలో ఏ పల్లెలో మన విద్యార్థి ఉన్నాడో, ఏ పల్లెలో అంబేద్కర్ భవనం ఉందో, ఏ పాస్టరుగారు చర్చి వరండాలో పడుకోనిస్తారో రెండు వారాల ముందే ఫోన్లు చేసుకోండి. డెల్టాలో మన పల్లె లేని ఊరు లేదు. హోటళ్ళ యాప్‌లలో కనపడని ఆ పల్లెలే మనకున్న పెద్ద ఆసరా. పోయిన చోట బియ్యం, పప్పు మీరే కొనివ్వండి. మనల్ని చూసి అప్పు చేసి కోడిని కోసే తల్లులు ఉంటారు. ఆ పరిస్థితి తేవద్దు.

రెండు, నీళ్ళు. మనిషికి రెండు లీటర్లు ఎప్పుడూ సైకిల్ మీద ఉండాలి. ఎండకి ఒక కారణం, ఎవరినీ అడిగి లేదనిపించుకోకుండా ఉండటం ఇంకో కారణం.

మూడు, ఆ ప్రశ్న. టీ బంకు దగ్గర ఆగగానే ఎవరో పెద్దాయన ప్రేమగానే అడుగుతాడు: "ఏ ఊరు అబ్బాయ్? ఎవరి తాలూకు? మీరేవిట్లు?" తెలంగాణ వైపు పోతే "మీరేమోళ్ళు?" మొదటిసారి ఐదుగురం పోయినప్పుడు ఈ ప్రశ్నకి మాలో ఒకడు నిజం చెప్పాడు, ఒకడు ఇంకేదో చెప్పాడు, ఒకడు లేచి పోయి సైకిల్ గాలి చూసుకున్నాడు. ఆ రాత్రి ముగ్గురూ సరిగా నిద్రపోలేదు. కాబట్టి దీని మీద బయల్దేరే ముందే కూర్చుని మాట్లాడుకోండి. 1934లో బాబాసాహెబ్ బృందం పైకి చెప్పకూడదనుకుంది. అది పిరికితనం కాదు, ఏర్పాటు. ఇవాళ నా మటుకు నేను చెబుతాను. మీరూ చెప్పి తీరాలని మాత్రం అనను. చెప్పినా, చెప్పకపోయినా అది అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం కావాలి. టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఒక్కడు తేల్చుకోవాల్సినది కాకూడదు. ఎక్కడైనా మాట ముదిరితే ఎవరు మాట్లాడాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి.

చెల్లెళ్ళకి ఒక మాట. "సార్, మా ఇంట్లో పంపరు" అని మీరు రాసిన మెసేజీలన్నీ చదివాను. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకి సైకిల్ నేర్పారు. షీలారాణి చుంకత్ కలెక్టర్‌గా ఉన్న రోజులు. కూలి చేసుకునే ఆడవాళ్ళు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు సరిపోక మగవాళ్ళ సైకిళ్ళు కూడా తొక్కారు. ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు, అదే నయం అన్నవాళ్ళు ఉన్నారు. పి. సాయినాథ్ దీని గురించి రాశారు, చదవండి. బస్సు కోసం, మొగుడి కోసం, అన్న కోసం ఎదురుచూసే పని తప్పడమే వాళ్ళకి స్వేచ్ఛ. అందుకని ఈసారి ఒక రోజు యాత్ర కూడా పెడుతున్నాం. ఉదయం గుంటూరులో బయల్దేరి అమరావతి పోయి సాయంత్రానికి ఇంటికి. ఇద్దరు మహిళా లెక్చరర్లు కూడా తొక్కుతున్నారు. మీ ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలంటే వాళ్ళు మాట్లాడతారు.

ఒక హెచ్చరిక. నగరాల్లో ఆదివారం పొద్దున సైకిల్ బృందాలు తిరుగుతుంటాయి. అందులో మంచివాళ్ళున్నారు, పంక్చర్ వేయడం నాకు నేర్పింది వాళ్ళే. అలాంటి ఒక బృందంలో ఇడ్లీలు తింటూ రిజర్వేషన్ల మీద జోకులు విన్నాను కూడా. "సైకిల్ మీద అందరం సమానం" అంటుంటారు. తొక్కేటప్పుడు నిజమే. ఆగినప్పుడే తేడా వస్తుంది. అందుకే ముందు మన బృందం మనం కట్టుకుందాం. తర్వాత అందరితో తొక్కుదాం, మన షరతుల మీద.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. "ఉద్యమం వదిలేసి షికార్లు" అని పోస్టులు పెట్టేవాళ్ళు పెడతారు. వాళ్ళని ఒకటి అడగండి. హక్కుల కోసం పోరాడి, పోరాడి, ఆ హక్కు చేతికొచ్చాక దానితో ఏం చేద్దామనుకున్నారు? రోడ్డు మీద నడిచే హక్కు సాధించింది రోడ్డు మీద నడవడానికే కదా. చెరువు నీళ్ళు తాగడానికి, సముద్రం చూడటానికి, చెట్టు కింద పడుకుని ఆకాశం చూడటానికి. సెలవు రోజు మనకీ సెలవే కావాలి.

రేపటినుంచి రోజూ పొద్దున పది కిలోమీటర్లు తొక్కడం మొదలుపెట్టండి. సైకిల్ లేనివాళ్ళు చెప్పండి, ఉన్నవాళ్ళు అదనంగా ఉంటే చెప్పండి, సర్దుదాం. డెల్టాలో కోతలు, నూర్పుళ్ళ కాలం కాబట్టి రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చూసుకుని పక్కగా పోవాలి. ఆ వడ్లు తిరగేసేది మన అమ్మలే.

జై భీమ్.

(వచ్చే భాగం: యాత్రకి వచ్చేవాళ్ళ ప్రశ్నలు, ఖర్చుల లెక్క)